షేడు మేస్త్రి, డెబ్బై రెండు మెట్లు

మనలాంటి వాళ్ళకి తెలుపంటే తెలుపే. షేడు మేస్త్రికి మాత్రం తెలుపులు పదకొండు. పాల తెలుపు వేరు, పాల మీద కట్టిన మీగడ తెలుపు వేరు. కొత్త పింగాణీ పళ్ళెం తెలుపు వేరు, ఆ పళ్ళేన్నే పదేళ్ళు కడిగి కడిగి వాడాక మిగిలే తెలుపు వేరు. కారు తలుపుకి సొట్ట పడి షెడ్డుకి వస్తే ఆ ఒక్క తలుపుకే రంగు కొట్టాలి, కొట్టిన రంగు పక్కనున్న పాత రంగులో కలిసిపోవాలి. డబ్బా మీది నంబరు చూసి కలిపితే ఆ పని జరగదు. ఎండకీ వానకీ కారు రంగు దాని దారిన అది మారిపోయి ఉంటుంది. మేస్త్రి కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక కన్ను మూసి, తెల్లరంగులో అగ్గిపుల్ల మొన ముంచినంత పసుపు, అందులో సగం నలుపు వేసి కలిపేవాడు. రంగు ఆరాక కారు యజమాని వచ్చి, దెబ్బ తగిలింది ఏ తలుపుకో తేల్చుకోలేక తల గోక్కునేవాడు. అలా ఆయనకి షేడు మేస్త్రి అనే పేరు స్థిరపడింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

నలభై ఒక్క ఏళ్ళు ఆయన స్ప్రేగన్ను పట్టాడు. పుట్టీ పెట్టడం, ఎమరీ కాగితంతో అరగదియ్యడం, అడుగుపూతగా ప్రైమరు కొట్టడం, ఆ పైన రంగు. ఒక కోటుకీ ఇంకో కోటుకీ మధ్య పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలూ మనిషన్నవాడు ఏం చెయ్యాలి? మేస్త్రి షెడ్డు వెనక్కి వెళ్ళి సిగరెట్టు కాల్చేవాడు. కోటుకో సిగరెట్టు. మూడు కోట్లు కొట్టే కారుకి మూడు, కారు మొత్తానికి రంగయితే ఇక అడక్కండి. రంగు కొట్టేటప్పుడు ముక్కుకి తడిగుడ్డ కట్టేవాడు, పొగ తాగేటప్పుడు విప్పేవాడు. ధూళిని ఆపి పొగని రానిచ్చే కాపలా అన్నమాట. దానికి తోడు సాయంత్రం గ్లాసెడు పాలు తాగితే లోపల పడ్డ రంగంతా కడుక్కుపోతుందని ఆ వృత్తిలో అందరికీ ఒక నమ్మకం. పాలు పోయేది పొట్టలోకి, రంగు పోయేది ఊపిరితిత్తుల్లోకి, ఈ రెంటికీ మధ్య దారి లేదు కదా అని నలభై ఏళ్ళలో ఒక్కడికీ తోచలేదు. మేస్త్రి మాత్రం ఒక్కరోజు కూడా పాలు మానలేదు, అందులో లోపం లేదు.

ఆయనకి ఆదివారమంటే అక్క. అక్క ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి పోయేసరికి మేస్త్రికి ఐదేళ్ళు, అక్కకి పదమూడు. అప్పటినించీ జుట్టు దువ్విందీ, అక్షరాలు దిద్దించిందీ, మొట్టికాయలు వేసిందీ ఆవిడే. ఇద్దరికీ పెళ్ళిళ్ళై, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు పెద్దవాళ్ళై, బావగారు కాలం చేసి, ఇంత జరిగినా ఆదివారం నాలుగు గంటలకి అక్కాతమ్ముళ్ళు క్యారమ్స్ బోర్డుకి అటొకరూ ఇటొకరూ కూర్చోవడం మాత్రం మారలేదు. ఆడినంతసేపూ పోట్లాట. చూసేవాళ్ళకి ఆస్తి తగాదా అనిపించేది.

అక్క ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. అంతస్తుకి పద్దెనిమిది లెక్కన డెబ్బై రెండు మెట్లు. రెండేళ్ళ కిందట తుంటి విరిగి రాడ్డు వేశాక ఆవిడ ఇంట్లో చేతికర్రతో తిరగగలదు గాని కిందికి దిగలేదు. సరుకులు పైకే వస్తాయి, డాక్టరు పైకే వస్తాడు, తమ్ముడు పైకే రావాలి.

ఆ మేడ మాత్రం ఏటేటా ఎత్తు పెరుగుతూ వచ్చిందని మేస్త్రి నమ్మకం. మొదట మూడో అంతస్తులో ఆగి చెప్పు సరిచేసుకున్నట్టు వంగేవాడు. తర్వాత రెండో అంతస్తులో ఆగి, గోడకి అంటించిన నీళ్ళ పంపు నోటీసు చదివేవాడు. అదే నోటీసు ఎనిమిది నెలలు చదివాడు. ఒక ఆదివారం రెండో అంతస్తు దాటలేకపోయాడు. కమ్మీ పట్టుకుని నిలబడితే ఛాతీలోంచి పిల్లికూతలు, కళ్ళ ముందు చుక్కలు. పావుగంట అలాగే నిలబడి, నెమ్మదిగా దిగి, వీధిలోకి వచ్చి ఫోను చేశాడు.

"అక్కా, బండి పంచరైంది. రాలేను."

మరుసటి ఆదివారం ఇంటికి చుట్టాలొచ్చారు. ఆ పై ఆదివారం షెడ్డులో అర్జంటు పని పడింది. ఆదివారం షెడ్డుకి తాళం వేస్తారని అక్కకి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. దాంతో ఆవిడ తనకి తోచిన లెక్క వేసుకుంది. ఆఖరి ఆటలో రెడ్డు కాయ దగ్గర పెద్ద గొడవైంది. తమ్ముడు రెడ్డు వేశాక దాని వెంట వేసిన కాయ చెల్లదని ఆవిడ అంది, దొంగాట అని ఆయన అన్నాడు. అందుకే వీడు అలిగాడు.

"అలిగితే అలగనీ," అంది మరదలితో ఫోనులో. "వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను మాత్రం పిలవను."

మేస్త్రి భార్య ఇంట్లో స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మిషను చప్పుడు మీద కూడా మొగుడి ఛాతీ చప్పుడు వినిపించే రోజులొచ్చాయి ఆవిడకి. ఆ రోజు మిషను ఆపేసి లేచింది.

"ఏవండీ, మీ ఛాతీలో పిల్లి కాపురం పెట్టింది. పిల్లలు కూడా పుట్టాయి. బయల్దేరండి ఆసుపత్రికి."

"దగ్గే కదే. పాలు తాగుతున్నాగా."

"పిల్లికి పాలు పోసి పెంచుతున్నారన్నమాట. లేవండి."

*

ఆసుపత్రిలో ఒక గొట్టం ఇచ్చి, గుండెల నిండా పీల్చి ఒక్కసారిగా ఊదమన్నారు. మేస్త్రి ఊదాడు. పక్కన నిలబడ్డ అమ్మాయి "ఊదండి ఊదండి ఊదండి ఇంకా ఊదండి" అని పందెంలో అరిచినట్టు అరిచింది. మూడుసార్లు ఊదించి, మందు పీల్పించి, మళ్ళీ ఊదించారు. కాగితం మీద గీత వచ్చింది. డాక్టరు ఆ గీత చూసి, మేస్త్రిని చూశాడు.

"గాలి పీల్చుకోలేకపోతున్నాను డాక్టరుగారూ," అన్నాడు మేస్త్రి.

"పీల్చుకోలేక కాదు, వదల్లేక," అన్నాడు డాక్టరు. "దీన్ని సీఓపీడీ అంటారు. పొగకీ దుమ్ముకీ లోపలి గాలిగొట్టాలు వాచి ఇరుకైపోయాయి. చివర ఉండే గాలిసంచులు పాత రబ్బరు బ్యాండులా సాగిపోయాయి. మామూలు మనిషి మొదటి సెకనులోనే చాలావరకు ఊదేస్తాడు, మీరు సగమే ఊదగలుగుతున్నారు. మిగతా గాలి లోపలే ఉండిపోతుంది. పాతది పోకముందే కొత్తదాని కోసం ఆత్రపడుతున్నారు. నిండిన డబ్బాలో ఇంకేం పోస్తారు?"

మేస్త్రికి ఇది చప్పున అర్థమైంది. షెడ్డులో కంప్రెసర్ ట్యాంకు అంతే. బయటికి పోయే గొట్టం పూడుకుపోతే లోపల గాలి బిగుసుకుపోయి కూర్చుంటుంది, మోటారు ఎంత మొత్తుకున్నా లాభం లేదు. ఇన్నాళ్ళూ మోటారుని తిడుతున్నాడు తను.

"గొట్టం మార్చడానికి కుదరదా?"

"కుదరదు. పాడైంది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవచ్చు. ఉన్నదాంతోనే ఇప్పటికన్నా చాలా బాగా తిరగొచ్చు. కానీ సిగరెట్టు ఇవాళే మానాలి. స్ప్రేగన్ను కూడా."

సిగరెట్టు మాటకి మేస్త్రి తలూపాడు. గన్ను మాటకి ఆయన ముఖంలో రంగు దిగిపోయింది. రంగు కొట్టని షేడు మేస్త్రి అంటే ఎవరో, ఆయనకే తెలియలేదు.

ఆ సంగతి డెంటు బావ తేల్చాడు. సొట్టలు తీసే మేస్త్రి ఆయన. చుట్టరికం ఏమీ లేదు గాని ముప్ఫై ఏళ్ళుగా ఒకళ్ళనొకళ్ళు బావా అనుకుంటారు. "గన్ను ఎవడైనా పడతాడు బావా. కన్ను ఎవడికుంది?" అని, షెడ్డుకి దూరంగా గేటు దగ్గర గాలి ఆడేచోట ఒక కుర్చీ వేయించాడు. రంగు కొట్టి ఆరబెట్టిన రేకుముక్క అక్కడికి వస్తుంది. మేస్త్రి దాన్ని వెలుతురులో తిప్పి చూసి "చల్లగా ఉంది, నలుపు తగ్గించు" అనో, "ఇంకో చుక్క పసుపు" అనో చెప్తాడు. అంతే పని. జీతం కన్నుకి. సిగరెట్టు బదులు నమలమని ఆసుపత్రివాళ్ళు చూయింగ్‌గమ్ ఇచ్చారు. అది అచ్చం ప్రైమరు రుచి ఉందని మేస్త్రి అనేవాడు. ప్రైమరు రుచి నీకెలా తెలుసని అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. రెండుసార్లు జారి మళ్ళీ ముట్టించాడు, రెండుసార్లూ డెంటు బావే పట్టుకున్నాడు. మూడోసారి నించి పట్టుకోవలసిన అవసరం రాలేదు.

మందులూ మొదలయ్యాయి. నోట్లోకి కొట్టుకునే పంపులు రెండు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు. రెండోది బాగున్నా బాగులేకపోయినా పొద్దునా సాయంత్రం రెండేసి సార్లు. నెల గడిచింది. మేస్త్రికి వీసమెత్తు గుణం కనపడలేదు.

"మందులో సత్తువ లేదు," అని తీర్పు చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇలాంటి వాళ్ళని చూసే పుట్టింది.

*

ఆసుపత్రిలో ఊపిరి వ్యాయామాలు నేర్పే ఆవిడ ఒకరున్నారు. మేస్త్రి కూతురి వయసు. ఆయన ఆవిడకి ఊపిరి టీచరమ్మ అని పేరు పెట్టాడు. ఆవిడ మొదటిరోజు అడిగిన మొదటి మాట, "ఆ పంపు ఎలా వాడుతున్నారో ఒకసారి చూపించండి."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. కాళ్ళు ఎడం చేశాడు. పంపుని ముప్ఫైసార్లు గిలకొట్టాడు. నాజిల్ శుభ్రంగా ఉందో లేదో చూడడానికి గోడ మీదికి ఒక దెబ్బ కొట్టి, వెలుతురులో దాని వాటం చూసి, తృప్తిగా తలూపాడు. అప్పుడు నోరు తెరిచి, పంపుని జానెడు దూరంలో పట్టుకుని, ఎడమ నించి కుడికి ఒకే వేగంతో ఒక్క ఊపు ఊపుతూ కొట్టాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు.

"అయిపోయిందా?" అంది టీచరమ్మ.

"మొదటి కోటు అయింది. పది నిమిషాలు ఆరాలి కదమ్మా."

టీచరమ్మ గిర్రున కిటికీ వైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. పక్క కుర్చీలో మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు తెరిపిచ్చాక టీచరమ్మ కళ్ళు తుడుచుకుని అంది.

"మేస్త్రిగారూ, ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మీ పళ్ళకి మందు చాలా నున్నగా పట్టింది. లోపలికి మాత్రం చుక్క పోలేదు."

నెల రోజుల మందు గోడకీ, అద్దానికీ, పళ్ళకీ వేశాడు మేస్త్రి. నలభై ఏళ్ళు గన్నుతో బతికిన చెయ్యి, ఇంకెలా పడుతుంది? చిన్నబోతాడేమోనని భార్య భయపడింది గాని ఆయన కూడా నవ్వేశాడు, నవ్వు దగ్గులో పడి, దగ్గు ఆయాసంలో పడింది. అప్పుడే అక్కడే టీచరమ్మ ఆయన్ని ముందుకి వంగి చేతులు బల్ల మీద ఆనించమంది. ముక్కుతో మెల్లగా పీల్చి, ఈల వేసేవాడిలా పెదాలు చిన్నవి చేసి, పీల్చినదానికి రెట్టింపుసేపు వదలమంది. "ముందర కొవ్వొత్తి ఉందనుకోండి. దీపం వాలాలి, ఆరకూడదు." రెండు నిమిషాల్లో ఆయాసం దిగింది. ఏ మందూ వెయ్యకుండానే దిగింది. మేస్త్రి తన పెదాలని తానే వేలితో తడిమి చూసుకున్నాడు.

పంపుకి తగిలించే ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇచ్చింది. గిలకొట్టి, ఊపిరంతా వదిలి, గొట్టం చుట్టూ పెదాలు బిగించి, ఒక్క నొక్కు నొక్కి, తొందర లేకుండా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగపట్టడం. పొద్దుటి మందూ సాయంత్రం మందూ అయ్యాక నోరు పుక్కిలించడం. మేస్త్రి ఆ గొట్టంలోకి తొంగి చూసి, "రంగు బయటికి పోకుండా పట్టే గది ఇది. షెడ్డులో ఇలాంటిది ఉండుంటే మనం ఇక్కడ కూర్చునేవాళ్ళం కాదు," అన్నాడు.

"సరే గాని, ఏం చెయ్యాలని ఉంది మీకు?" అంది టీచరమ్మ. "ఊరికే బాగవ్వాలి అనొద్దు. ఫలానా పని చెయ్యాలి అని చెప్పండి."

మేస్త్రి ఆలోచించలేదు. "డెబ్బై రెండు మెట్లు ఎక్కాలి. మా అక్క ఇల్లు."

ఆవిడ కాగితం మీద 72 అని పెద్దగా రాసి, చుట్టూ గీత గీసి ఆయన చేతికిచ్చింది. "మూడు నెలలు పడుతుంది. రోజూ నడవాలి. మెట్టు ఎక్కేటప్పుడు ఊపిరి వదలాలి, ఆగినప్పుడు పీల్చాలి. ఆయాసపడ్డానని సిగ్గుపడకూడదు. నోటీసులు చదవకూడదు."

నోటీసు సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో మేస్త్రికి తెలియలేదు. భార్య మాత్రం కిటికీ లోంచి బయటికి చూస్తోంది.

*

ఇక అక్కకి నిజం చెప్పాలి. అది డెబ్బై రెండు మెట్లకన్నా కష్టంగా తోచింది ఆయనకి. ఆదివారం నాలుగు గంటలకి అక్క మేడ ఎదురుగా కాలిబాట మీద బెంచీలో కూర్చుని తల పైకెత్తాడు. అక్క బాల్కనీలో నిలబడి ఉంది. కేక వేసే ఊపిరి ఆయనకి లేదు, అందుకని కనపడుతున్న మనిషికే ఫోను చేశాడు.

"పంచరైందా?" అంది అక్క.

"లేదు... అక్కా. నేనే... ఎక్కలేక... పోతున్నా." తర్వాత మిగతాదంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. రెండో అంతస్తు, నోటీసు, గొట్టంలో ఊదడం.

అక్క బాల్కనీ కమ్మీ పట్టుకుని కిందికి వంగి చూసింది. తర్వాత అందుకుంది. "ఒరేయ్ వెధవా. నేను నీ మీద అలిగి ఇన్ని ఆదివారాలు తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇదా సంగతి? నాతో చెప్పుకోవడానికి నీకు సిగ్గేమిట్రా, నీ ముక్కు తుడిచిన దాన్ని!" వెంటనే గొంతు మార్చింది. "సరే. ఆట మాట ఏమిటి? ఎగ్గొడదామనా?"

"ఎలా... ఆడతాం?"

"బోర్డు నా ముందుంది. నీ వంతు వచ్చినప్పుడు ఎటు కొట్టాలో చెప్పు, నేను కొడతా."

అలా మొదలైంది ఫోను క్యారమ్స్. లోకంలో ఇంత అన్యాయమైన ఆట ఇంకొకటి లేదు. అక్క లోపల కూర్చుని "నీ నల్లకాయ ఎడం చేతి మూల దగ్గరుంది" అంటుంది. మేస్త్రి బెంచీ మీద కళ్ళు మూసుకుని, బోర్డు ఊహించుకుని, "కొంచెం పక్కనించి... తగిలించు" అంటాడు. టక్కుమని చప్పుడు వినపడుతుంది. "అయ్యో తప్పింది. నా చేతికి నీ గురి ఎక్కడొస్తుంది?" అంటుంది అక్క. ఆవిడ వంతు వస్తే మాత్రం టక్కు టక్కుమని వరసపెట్టి కాయలు పడిపోతాయి.

మొదటి ఆదివారం సున్నా. "దొంగ... ఆట... అక్కా," అని మాత్రం అనగలిగాడు.

రెండో ఆదివారం సున్నా. మూడో ఆదివారం ఒక్క కాయ పడింది, అదీ అక్క కాయే. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. తుంటి విరిగిన అరవై ఎనిమిదేళ్ళ మనిషికి ఇన్ని కాయలు ఎలా పడుతున్నాయి? ఎవరు చూడొచ్చారు? అదే కదా అసలు బాధ, చూసే దిక్కు లేదు. సోమవారం పొద్దున్నే లేచి నడక మొదలెట్టాడు. వీధి చివరిదాకా మొదట, తర్వాత మార్కెట్టుదాకా, తర్వాత షెడ్డుదాకా. వారానికి రెండు రోజులు ఆసుపత్రి మెట్ల మీద టీచరమ్మ లెక్కపెడుతూ ఉంటే పన్నెండు, పద్దెనిమిది, ముప్ఫై. "అక్క దొంగాట బయటపెట్టాలమ్మా," అనేవాడు ప్రతి మెట్టు దగ్గరా. అందరు పేషెంట్లూ బతుకు కోసం ఎక్కుతుంటే ఈయన పగతో ఎక్కుతున్నాడని టీచరమ్మ డాక్టరుతో చెప్పింది. ఎక్కనివ్వండి, పని చేస్తోంది కదా అన్నాడు డాక్టరు.

పదో వారంలో ఆసుపత్రి మెట్లు అరవై ఎక్కాడు, మధ్యలో మూడుసార్లు ఆగి. ఆ వచ్చే ఆదివారమే అక్క మేడ అని ముహూర్తం పెట్టుకున్నాడు. గురువారం పొద్దున దగ్గి ఉమ్మి, వాష్‌బేసిన్ ముందు ఆగిపోయాడు. కళ్ళద్దాలు తెచ్చుకుని మళ్ళీ చూశాడు. భార్యని పిలిచాడు.

"నాకేం తేడా కనపడ్డం లేదండీ. రోజూ ఉన్నట్టే ఉంది."

"రోజూ ఉన్నది చల్లటి తెలుపు. ఇందులో పసుపు పడింది, అగ్గిపుల్ల మొనంత. రేపటికి ఆకుపచ్చ వైపు తిరుగుతుంది చూడు."

కఫం రంగు మారినా, చిక్కబడినా, ఆయాసం మామూలు కన్నా పెరిగినా ఒక్కరోజు కూడా ఆగకుండా ఫోను చెయ్యమని టీచరమ్మ మొదట్లోనే చెప్పి ఉంచింది. మేస్త్రి ఫోను చేసి షేడు చెప్పాడు. వెంటనే రమ్మన్నారు. లోపల ఇన్‌ఫెక్షను అప్పుడే మొదలవుతోంది. ఐదు రోజుల మాత్రలు, ఇంట్లో విశ్రాంతి. "చాలామంది మంచం ఎక్కాక వస్తారు. మీరు ముందే పట్టుకున్నారు," అన్నాడు డాక్టరు. "మీకు ఎలా తెలిసింది?"

"పదకొండు తెలుపులండీ," అన్నాడు మేస్త్రి. ఆ రోజు ఆయన ఎంత పొంగిపోయాడంటే, డెంటు బావకి ఆ షేడు వర్ణించబోయాడు. బావ టిఫిను తింటున్నాడు, చేతులు జోడించాడు.

మెట్ల ముహూర్తం మూడు వారాలు వెనక్కి పోయింది. మేస్త్రి గొణిగాడు గాని మళ్ళీ పన్నెండు నించి మొదలెట్టాడు. ఆదివారాలు ఫోనులో ఓటమి మాత్రం వాయిదా పడలేదు. ఆఖరి ఆదివారం ఆయన కాయలు ఒక్కటీ పడలేదని అక్క చెప్పేసరికి, బెంచీ మీంచి లేచి నిలబడి, బాల్కనీ వైపు వేలు చూపిస్తూ ఫోనులో అరిచాడు.

"దొంగాట ఆడి గెలిచే మనిషి నువ్వు తప్ప ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు, వచ్చే ఆదివారం పైకొచ్చి తేలుస్తాను!"

అక్క ఏమీ అనకుండా ఫోను పెట్టేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందని మేస్త్రి సంబరపడ్డాడు.

*

ఆ ఆదివారం భార్య ఒక మడత స్టూలు పట్టుకుని వెనకాల వచ్చింది. మేస్త్రి జేబులో ఆయాసం పంపు, చేతిలో కమ్మీ. వదులుతూ రెండు మెట్లు, ఆగి పీల్చడం. వదులుతూ రెండు, పీల్చడం. మొదటి అంతస్తు. స్టూలు వేసి కూర్చోబెట్టింది. రెండో అంతస్తులో నోటీసు ఇంకా ఉంది, మేస్త్రి దాన్ని కన్నెత్తి చూడలేదు. పాలు తెచ్చుకుంటున్న ఒకాయన పక్కనించి చకచకా ఎక్కిపోయాడు. ఆరునెలల కిందటైతే మేస్త్రి ఆయనతో సమానంగా ఎక్కి చచ్చేవాడు. ఇప్పుడు దారి ఇచ్చి, కొవ్వొత్తి ఊదుతూ నిలబడ్డాడు. మూడో అంతస్తులో ఐదు నిమిషాలు కూర్చున్నాడు. ఛాతీలో పిల్లి కదిలింది గాని కూయలేదు.

"ఇక్కడినించి మీరే వెళ్ళండి," అంది భార్య స్టూలు మీద తాను కూర్చుంటూ. "మీ అక్కాతమ్ముళ్ళ పోట్లాట మధ్యలో నేనెందుకు? నెమ్మదిగా వస్తాను."

యాభై ఐదు. అరవై. అరవై ఆరు దగ్గర ఆగి గోడకి ఆనుకున్నాడు. ఆ మిగిలిన ఆరు మెట్లూ ఆయనకి ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత స్పష్టంగా కనపడ్డాయి, మూడోదాని అంచు విరిగి ఉంది. డెబ్బై రెండు.

తలుపు తీసే ఉంది. అక్క చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది, ఎంతసేపటినించో. ఆవిడ నోరు తెరవబోతే మేస్త్రి చెయ్యెత్తి ఆపి, లోపలికి వెళ్ళి, బల్ల మీద చేతులు ఆనించి వంగి, పెదాలు చిన్నవి చేసి ఊదసాగాడు. ఊదుతూనే గది కలియచూశాడు. దొంగాట సాక్ష్యం కావాలి ఆయనకి. బోర్డు ఉండాల్సిన చోట లేదు. కిటికీ పక్కన బల్ల మీద ఒక చెంచా, ఫోను ఉన్నాయి. బోర్డు బీరువా పక్కన గోడకి నిలబెట్టి ఉంది, పైన దుప్పటి కప్పి. దుప్పటి మీద దుమ్ము పేరుకుని ఉంది. నెలల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

మేస్త్రి బోర్డు వైపు చూశాడు. చెంచా వైపు చూశాడు. అక్క వైపు చూశాడు.

"ఆ చెంచాతో బల్ల మీద కొట్టేదాన్ని," అంది అక్క. "టక్కు టక్కుమని."

తమ్ముడు మాట్లాడే స్థితిలో లేడు. అరవై ఏళ్ళలో ఆవిడకి ఇలాంటి అవకాశం రావడం ఇదే మొదటిసారి, అడ్డు తగలకుండా వింటున్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని కర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు లేకుండా ఎవరితో ఆడతానురా నేను? నువ్వు రానన్న రోజే బోర్డు తీసి పక్కన పెట్టేశాను. రారా నాయనా అని బతిమాలితే నువ్వు రావు. నీ సంగతి నాకు తెలీదా? ఓడిస్తే వస్తావు. అందుకని ఓడించాను." ఆవిడ కర్రని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఇంకోటి కూడా ఉంది. ఆట అంతసేపూ నేను నీ ఊపిరి లెక్కపెట్టుకునేదాన్ని. మొదటి ఆదివారం మాటకోసారి పీల్చావు. దొంగ అని పీల్చి, ఆట అని పీల్చావు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. వారం వారం నిన్ను రెచ్చగొట్టి తిట్టించుకున్నాను, ఎన్ని మాటలు అనగలవో చూద్దామని. మూడు, ఐదు, ఎనిమిది. మధ్యలో జ్వరమొచ్చి మళ్ళీ నాలుగుకి పడిపోయావు, అప్పుడు భయం వేసింది. పోయిన ఆదివారం నన్ను ఏకబిగిన పద్నాలుగు మాటలు తిట్టావురా. పద్నాలుగు! ఫోను పెట్టేసి, ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను. వీడు వచ్చేస్తాడు అనుకున్నాను."

మేస్త్రికి ఆయాసం దిగింది. లేచి బోర్డు మీది దుప్పటి తియ్యబోయాడు.

"ముట్టుకోకు! దుమ్ము," అని అక్క కర్రతో అడ్డం పెట్టింది. "నువ్వు కిటికీ దగ్గర కూర్చో. తడిగుడ్డతో నేను తుడుస్తా. పౌడరు కూడా చల్లడం లేదు ఇవాళ, కాయలు నడవకపోతే నడవకపోనీ." ఆవిడ కుంటుకుంటూ వెళ్ళి గుడ్డ తడుపుకుని వచ్చి, తమ్ముడి ఎదురుగా ఆగింది.

"ఏదీ, ఇప్పుడు తిట్టు. ఎదురుగా నిలబడి వింటాను."

మేస్త్రి గుండెల నిండా పీల్చాడు. ఊపిరి కావలసినంత ఉంది, తిట్టే రాలేదు.